హద్రమౌతు సరిహద్దులు - హైదరాబాదు పద్దులు

దేశచరిత్ర యనగానే మనకు స్ఫురించునవి యుద్ధములు, పట్టాభిషేకములు, సంధిపత్రములు. ప్రతి సంధిపత్రము వెనుకను ఒక జమాఖర్చుల పుస్తకము కూడ ఉండునని మనము తరచుగా మరచుచుందుము. ఆ పుస్తకమునందలి పద్దులు ఎవరి కష్టార్జితముతో నిండినవో విచారించిననే గాని చరిత్ర పూర్తిగా బోధపడదు. అరబ్బు దేశమున హద్రమౌతు అను నెడారి ప్రాంతము కలదు. దాని సరిహద్దులు పెక్కుభాగము మన దక్కను రాబడితోను, మన హైదరాబాదు నగరమున పెరిగిన సంపదతోను నిర్ణయింపబడినవి. ఆ వైనమును ఈ వ్యాసమున చదువరులకు నివేదింపదలచితిమి.

హైదరాబాదు నుండి పటాన్‌చెరువు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదుల మీదుగా పడమటికి పోవు బాట బొంబాయి బాట. 1970వ దశకము మొదలు దాని ఇరుప్రక్కల కర్మాగారములు వెలసినవి. బీహారు, ఒడిశా మున్నగు దూరప్రాంతముల నుండి కూలివారు వచ్చి అచ్చట బ్రదుకుచున్నారు. అదే సమయమున తెలంగాణపు పల్లెల నుండి వేలకొలది యువకులు దుబాయి, కువైటు, రియాదు నగరములకు కూలికై పోవుచున్నారు. ఆ బాటన పోవునపుడెల్ల మాకొక సంగతి తలపునకు వచ్చుచుండును. నూటయేబది ఏండ్లకు పూర్వము ఈ ప్రవాహము ఎదురుగా పారుచుండెను. నాడు కూలికి వచ్చినవారు అరబ్బులు. కూలి యిచ్చినది మన దేశము. 1874లో హైదరాబాదునకు రైలు రాకపూర్వము బొంబాయి రేవున దిగిన అరబ్బులు ఇట్టి పడమటి బాటలనే పట్టి నగరము చేరవలసియుండెను. వారి నడుములయందు వంకకత్తి, భుజమున తుపాకి. మనస్సున మాత్రము మనవారి మనస్సులయందు నేడున్న కోరికయే - నాలుగు రూకలు సంపాదించి యింటికి పంపవలెనని.

వారు వచ్చిన దేశము ఎట్టిది? అరేబియా దక్షిణతీరమున ముకల్లా, షిహ్ర్ అను రేవులు కలవు. తీరమును విడిచి యుత్తరముగా పోయినచో గడ్డిపోచయైన మొలవని రాతిపీఠభూమి. దానిని దాటిన పిదప తూర్పుపడమరలుగా సాగిన యొక లోయ. అచ్చట ఖర్జూరపు తోటలు, షిబాము, సేయూను, తరీము అను పట్టణములు కలవు. షిబాము పట్టణమున పచ్చియిటుకలతో ఆరేడంతస్తుల మేడలు కట్టుకొనిరి. 1982లో ఆ పట్టణమునకు ప్రపంచ వారసత్వ స్థలమను గౌరవము లభించినది. లోయకు ఉత్తరమున ‘రుబ్ అల్ ఖాలీ’ యను మహా యెడారి. వాన కురిసిన నేడు పంట, కురువని నేడు కరవు. కావున ఆ లోయ తన బిడ్డలను తానే పోషింపజాలక వారిని సముద్రము మీదికి తోలెను. కొందరు జావాకు, సింగపూరునకు వర్తకులై పోయిరి. కొందరు ఆఫ్రికా తూర్పుతీరము చేరిరి. శస్త్రము పట్టనేర్చినవారు పెక్కురు హైదరాబాదు చేరిరి.

నైజాము కొలువున అరబ్బులకు విశ్వాసపాత్రులను పేరు కలిగెను. ఖజానాలకు, దేవిడీలకు, కోటలకు వారిని కావలి పెట్టుచుండిరి. ఒక్కొక జమాదారు కొన్ని వందలమంది సిపాయిలను చేరదీసి, వారి జీతములు సర్కారు నుండి తానే పుచ్చుకొని పంచుచుండెను. సర్కారు జీతములు సకాలమున ఇచ్చుట అరుదు. జమాదారులు మాత్రము తమ యొద్దనున్న సొమ్మును వడ్డీకి తిప్పి క్రమముగా షావుకార్లయిరి. తుదకు వారు నైజాము సర్కారునకే అప్పిచ్చి, దాని క్రింద తాలూకాల రాబడిని తాకట్టు పట్టిరి. అప్పు తీర్పని వారిని తమ యిండ్లలోనే నిర్బంధించు అధికారమును కూడ వారు చలాయించిరి. అప్పు నిప్పువంటిదని పెద్దలు చెప్పుదురు గదా! ఆ నిప్పు నగరమున రాజినను, దాని వేడి తగిలినది పల్లెలలోని రైతునకు. తాలూకా తాకట్టు పడినపుడు శిస్తు వసూలుచేయువాడు మారును గాని, శిస్తు చెల్లించువాడు మారడు. వసూలుచేయువాడు ఋణదాతయైనచో రైతునకు దయ చూపవలసిన పనియు లేదు.

1853వ సంవత్సరము మేనెలలో ఈ ఋణవ్యాధి పరాకాష్ఠ నందెను. ఇంగ్లీషువారి అధీనమునందలి పటాలపు ఖర్చు బాకీ క్రింద నైజాము బీరారును వారి చేతిలో పెట్టవలసివచ్చెను. అదే నెలాఖరున మొదటి సాలార్ జంగు దివాను పదవిని స్వీకరించెను. తాకట్టు పడిన తాలూకాలను విడిపించుట, అరబ్బుల వ్యవహారములకు ప్రత్యేక న్యాయస్థానమును ఏర్పరచుట ఆయన చేసిన ముఖ్యమైన సంస్కరణలలోనివి. కాని అరబ్బులను పూర్తిగా తొలగించుట ఆయనకు సాధ్యము కాలేదు. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీనులు రెసిడెన్సీపై దండెత్తినపుడు నగరమున అలజడిని అణచుటకు సాలార్ జంగునకు ఆధారమైనవారిలో అరబ్బు సిపాయిలు ముఖ్యులు. ఎవరికి బాకీపడితిమో వారినే కావలి పెట్టుకొనవలసిన దుస్థితి అది.

ఆ జమాదారులలో మువ్వురు మన కథకు ముఖ్యులు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ యాఫా తెగవాడు. గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కథీరీ హద్రమౌతును పూర్వ మేలిన కుటుంబమువాడు. అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలఖీ మరియొక తెగకు చెందినవాడు. మువ్వురును హైదరాబాదున ధనము గడించిరి. మువ్వురును ఆ ధనముతో స్వదేశమున రాజ్యము స్థాపింపవలెనని తలచిరి. నగరమున ఒకే దర్బారులో సలాములు చేయుచున్న వీరు సముద్రమునకు ఆవల ఒకరి కోటలపై నొకరు దండు నడిపించిరి. 1840వ దశకపు తుదిలో కథీరీ పక్షమువారు సేయూను, తరీము పట్టణములను పట్టుకొనిరి. ఖుఐతీలు షిబామును తమ వశము చేసికొనిరి. 1866లో గాలిబ్ షిహ్ర్ రేవును ఆక్రమించెను. మరుసటి యేడే, 1867లో, ఉమర్ కుమారుడగు అవద్ సముద్రమార్గమున వచ్చి ఆ రేవును గాలిబ్ చేతినుండి లాగికొనెను. ఈ అవద్ హైదరాబాదున ‘సుల్తాన్ నవాజ్ జంగ్’ అను బిరుదముచే ప్రసిద్ధుడు.

ఇక ముకల్లా సంగతి. దానిని కసాదీ వంశపు నకీబు లేలుచుండిరి. నకీబు ఖుఐతీలకు ఋణపడియుండెను. 1873లో అతడు మరణింపగా, కుమారుడు ఉమర్ సలాహ్ గద్దె యెక్కెను. ఖుఐతీలు వెంటనే బాకీ యడిగిరి. ఆ యువకుని యొత్తిడి పెట్టి, ముకల్లాలో సగమును, దానితోపాటు బురూము మొదలగు చోట్లను 2,50,000 వెండి రియాలులకు అమ్మినట్లు వ్రాయించుకొనిరి. బాకీ సొమ్ము ఆ ధరలో తగ్గించుకొనునట్లు నిర్ణయము. సగము పట్టణము అమ్ముడుపోయినది! ఆ పట్టణమున చేపలు పట్టువారు, ఒంటెలు తోలువారు, నీరు మోయు స్త్రీలు తాము ఏ సగములో చేరితిమో యెరుగరు. వారిని అడిగినవారును లేరు. తరువాత నకీబు ఆ పత్రము చెల్లదనెను. యుద్ధము వచ్చెను.

ఈ యుద్ధమును గురించి జరిగిన రాయబారములు మిక్కిలి విచిత్రములు. ఏడెన్ రేవును ఇంగ్లీషువారు 1839లో పట్టుకొనిరి. అచ్చటి రెసిడెంటు బొంబాయి ప్రభుత్వమునకు లోబడినవాడు. బొంబాయి కలకత్తాకు వ్రాయును. కలకత్తా హైదరాబాదు రెసిడెంటునకు వ్రాయును. రెసిడెంటు సాలార్ జంగునకు చెప్పును. సాలార్ జంగు జమాదారులను పిలిపించును. ముకల్లా గోడల క్రింద తుపాకులు ప్రేలుచుండగా, దానికి సమాధానము మూసీనది యొడ్డున వెదకవలసివచ్చెను. ఏలయన తుపాకుల ఖరీదు, సిపాయిల జీతము, పడవల కిరాయి అచ్చటినుండియే పోవుచుండెను. ఇంగ్లీషువారితో చేసికొనిన పూర్వపు ఒడంబడికలచే నైజామునకు పరరాజ్యములతో స్వతంత్రముగా వ్యవహరించు అధికారము లేదు. ఆయన కొలువులోని జమాదారులు మాత్రము పరదేశమున రాజ్యములు కట్టుచుండిరి. కావున హద్రమౌతు కలహములలో జోక్యము కలుగజేసికొనువారు నైజాము కొలువు వదలుకొనవలసియుండునని సాలార్ జంగు ప్రభుత్వము హెచ్చరింపవలసివచ్చెను. హెచ్చరిక వెడలెను గాని ధనప్రవాహము ఆగలేదు. అన్నదమ్ములలో నొకడు హైదరాబాదు జమాదారుగను, మరియొకడు షిహ్ర్ పాలకుడుగను ఉన్నప్పుడు ఆ ధనమును ఏ చెక్‌పోస్టు ఆపగలదు?

1876లో ఏడెన్ రెసిడెంటు మధ్యవర్తియై రెండేండ్లకు యుద్ధవిరామము కుదిర్చెను. అది తీరగనే కలహము మరల రేగెను. 1881లో ముకల్లా ఖుఐతీల వశమయ్యెను. నకీబు ఉమర్ సలాహ్ ఇంగ్లీషువారికి లోబడి, తన బలగముతో స్వదేశము విడిచి, తుదకు జాంజిబారు చేరెను. అప్పు చేసినది తండ్రి. దేశము విడిచినది కుమారుడు.

ఇంగ్లీషువారు తటస్థులమని చెప్పుకొనుచునే గెలిచినవారితో బేరమునకు దిగిరి. 1882 మే 29వ తేదీన ఖుఐతీ సోదరులు ఒక ఒడంబడికపై చేవ్రాలు చేసిరి. తమ రేవులను గాని, భూములను గాని ఇంగ్లీషు ప్రభుత్వమునకు తప్ప మరెవ్వరికిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దత్తము చేయకూడదు అని దాని సారాంశము. ప్రతిఫలముగా సాలుకు 360 రియాలుల భరణము. 1888 మే 1వ తేదీన రెండవ ఒడంబడిక కుదిరెను. దానిచే ఆ దేశము ఇంగ్లీషువారి సంరక్షణలోనికి వచ్చెను, పరరాజ్యములతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపు హక్కును జమాదారులు వదలుకొనిరి. 1902లో జమాదారు ‘షిహ్ర్, ముకల్లాల సుల్తాను’ అని పిలువబడెను. బిరుదము పెరిగెను, అధికారము తరిగెను. ‘అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు’ అను మాటలను చదువరులు మరల నొకమారు గమనింతురుగాక. అవి రాజనీతిగ్రంథములలోని మాటలు కావు. షావుకారు దస్తావేజులోని మాటలు. నాడు నైజాము తాలూకాలను తాకట్టు పట్టిన కుటుంబమే నేడు తన రాజ్యమును మరియొక పెద్ద షావుకారు పద్దులో వ్రాయించుకొనవలసివచ్చెను.

రేవులకు ఒడంబడికలు కుదిరినవి గాని, లోపలి యెడారికి హద్దులు నిర్ణయించుట అంత సులభము కాలేదు. మన పల్లెలలో పొలమునకు గట్టుండును, గట్టున సరిహద్దు రాయి యుండును. ఎడారిలో గట్టు లేదు. అచ్చట ఆస్తి యనగా బావి, మేత, బాటపై వసూలుచేయు సుంకము. వాన యెచ్చట కురిసిన అచ్చటికి తెగ కదలును. తెగతోపాటు సరిహద్దును కదలును. పటముపై గీత గీయువారికి ఈ సంగతి రుచింపదు. 1914లో ఇంగ్లీషువారును తురుష్కులును ఏడెన్ పరిసరములనుండి మహా యెడారివరకు తిన్నగా నొక గీతను ఒప్పుకొనిరి. ఆ గీత క్రింది బావుల పేర్లు వారు విచారింపలేదు. 1922లో ఉఖైరు అనుచోట సర్ పెర్సీ కాక్సు ఇబ్న్ సవూదుతో రాయబారము జరిపి, ఎర్రపెన్సిలుతో నజ్దు, ఇరాకు, కువైటుల నడుమ హద్దులు గీచెనని ఆ సభలో నున్న డిక్సను వ్రాసియున్నాడు. తెగలను బట్టియు, వారి బావులను బట్టియు హద్దు నిర్ణయింపవలెనని ఇబ్న్ సవూదు వాదించెను. తుదకు ఇరుపక్షముల పశువులును మేయుటకై తటస్థభూములు వదలవలసివచ్చెను. ఆ తటస్థభూములే పెన్సిలు పరాజయమునకు సాక్ష్యములు.

హద్రమౌతున 1918లో ఏడెన్ రెసిడెంటు సమక్షమున ఖుఐతీ, కథీరీ సుల్తానుల నడుమ కుదిరిన ఒడంబడిక ఇంతకంటె వివేకవంతమైనది. అందు గీతలకంటె ఊళ్లకు ప్రాధాన్యము. సేయూను, తరీము మున్నగునవి కథీరీలవి. షిబామును, తీరమును ఖుఐతీలవి. హద్రమౌతు అంతయు ఒకే దేశమని ఉభయులును అంగీకరించిరి. అరువదియేండ్లకు పైగా సాగిన పోరు కాగితముపై ముగిసెను. కాని బాటలపై తెగల కొట్లాటలు ముగియలేదు. ఏలయన సుల్తానులు చేవ్రాలు చేసిరి గాని తెగలు చేయలేదు.

ఆ లోపమును గుర్తించినవాడు హెరాల్డ్ ఇంగ్రామ్సు అను అధికారి. 1936-37 సంవత్సరములలో ఆయన తెగతెగకును తిరిగి, వేయిమందికి పైగా పెద్దలచే మూడేండ్ల సంధికి చేవ్రాళ్లు చేయించెను. సింగపూరు వ్యాపారమున ధనమార్జించిన కుటుంబమువాడగు సయ్యిదు అబూ బక్ర్ అల్ కాఫ్ తన సొంత సొమ్మును శాంతికై వ్యయపరచెను. ఒకని విదేశార్జితము యుద్ధమును కొనెను; మరియొకని విదేశార్జితము శాంతిని కొనెను. ధనమునందు దోషము లేదు, వినియోగమునందే దోషము. ఇంగ్రామ్సుగారి భార్య డోరీను అంతఃపురములలోనికి పోయి స్త్రీల కష్టసుఖములను వినెను. పిమ్మట బదవీ బాలికలకు చదువు చెప్పించుటకును ప్రయత్నించెను. ఈ సంధికి వెనుక విమానముల బాంబుల భయము కూడ ఉండెనని మేము మరుగుపరుపము. 1937 ఆగస్టు 13వ తేదీన సుల్తాను సాలిహ్ ఇంగ్లీషు సలహాదారుని మాటకు లోబడుటకు అంగీకరించిన మాటయు నిజమే. అయినను, ఎవరి బాటలో ఎవరి బావియొద్ద శాంతి కావలెనో వారిని అడిగిన రాయబారము ఈ కథలో ఇదియొక్కటే. ఆ సంధి 1940లో మరి పదియేండ్లకు పొడిగింపబడెను.

ఖుఐతీలు రాజ్యము స్థాపింపకున్న ఆ దేశము అరాచకమున పడియుండెడిదని కొందరు వాదింతురు. అందును కొంత సత్యము కలదు. సుల్తాను సాలిహ్ విద్వాంసుడు. ఆయన కాలమున పాఠశాలలు వృద్ధిచెందినవి. కాని పరదేశపు సొమ్ముపై నిలిచిన సౌధమునకు పునాది పరదేశముననే యుండును. రెండవ ప్రపంచయుద్ధమున జావా నుండి సొమ్ము రాక నిలిచిపోగా, అనావృష్టియు తోడై 1943-44లో హద్రమౌతున ఘోరమైన కరవు వచ్చెను. విమానములమీద ధాన్యము దింపవలసివచ్చెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. అరబ్బు సిపాయిల కొలువులు రద్దయినవి. సొమ్ము రాక నిలిచెను. అటు పిమ్మటి యేట ఆ లోయలో మరల కరవు. ఆబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగినట్లు, దర్బారులు మారినపుడెల్ల ఆకలితో నకనకలాడినది లోయలోని యిల్లాండ్రు, బిడ్డలు.

ఇచ్చటివారి గతి యేమి? తాతలనాడు వచ్చి, ఇచ్చటి యాడుపడుచులను పెండ్లియాడి, దక్కనీ భాష మాటలాడుచు, హద్రమౌతును కంట చూడని అరబ్బులు అనేకులు హైదరాబాదున కలరు. 1948 తరువాత వారిలో అనేకులను నిర్బంధించిరి. అనేకులను ఓడలెక్కించి ఏడెనుకు పంపిరి. సముద్రమున కావల ఎవరో గీచిన హద్దు వారి యింటి గడపలోనికి వచ్చి, నీవు ఈ దేశపువాడవా, ఆ దేశపువాడవా యని యడిగెను. మిగిలినవారు ఇచ్చటనే నిలిచి మనలో నొకరైరి. బార్కస్ అను పేట నేటికిని వారి నివాసము. ఇంగ్లీషు ‘బ్యారక్స్’ శబ్దమే ఆ పేరయినది. ఆ పేటనుండియు నేడు యువకులు గల్ఫు దేశములకు కూలికై పోవుచున్నారు.

ఖుఐతీ రాజ్యము 1967లో అంతరించెను. సౌదీ అరేబియాకును యెమెనుకును నడుమగల యెడారి సరిహద్దు 2000 సంవత్సరము జూను 12వ తేదీన జిద్దాలో కుదిరిన సంధితో గాని తేలలేదు. నూరేండ్ల రాయబారమునకు ఫలమైన ఆ హద్దులను నేడు విద్యార్థులు పటములో చూచి ఒక నిమిషమున గీయుదురు.

సొమ్మొకనిది, సోకొకనిది యని మన సామెత. హద్రమౌతు రాజ్యములకు సొమ్ము తెలంగాణ, మరట్వాడా, కర్ణాటక ప్రాంతముల రైతులది, సోకు జమాదారులది, లాభము ఇంగ్లీషువారిది, నష్టము లోయలోని బీదలది. అరబ్బులపై కోపము తెచ్చుకొనుటకై మేమీ కథ చెప్పలేదు. పొట్ట చేతబట్టుకొని సముద్రము దాటిన సిపాయియు, నేడు సంగారెడ్డి పల్లెనుండి రియాదుకు పోవు మేస్త్రీయు ఒక్క జాతివారే. మనము విచారింపవలసినది మూడు సంగతులు. మన అప్పు ఎవరి చేతికి ఏ యధికారమును ఇచ్చుచున్నది? మనము పంపెడి సొమ్ముగాని, మనకు వచ్చెడి సొమ్ముగాని ఏ పనికి వినియోగపడుచున్నది? ఒక హద్దు నిర్ణయించునపుడు దానికి ఇరుప్రక్కల బ్రదుకువారిని ఎవరైన అడిగిరా? ఈ ప్రశ్నలు దివానులకు, రెసిడెంటులకు మాత్రమే తగినవని మనము తలచరాదు. పొలముగట్టు తగవు తీర్చు పెద్దమనిషికిని, అన్నదమ్ముల పంపకమునకు కూర్చుండు ఇల్లాలికిని, గల్ఫునుండి వచ్చిన సొమ్మును లెక్క వ్రాయు తల్లికిని ఇవి తగిన ప్రశ్నలే. ముకల్లాలో సగము అమ్ముడుపోయిననాడు ఈ ప్రశ్న నొక్కరైన అడిగియున్నచో, ఉమర్ సలాహ్ జాంజిబారులో తల దాచుకొనవలసిన అగత్యము ఉండెడిది కాదేమో!